రెల్లుకు పెట్టిన పసుపు

మొన్న మంగళవారం పొద్దున్న చేపలు కడుగుతుంటే కౌలాలంపూర్ నుంచి మనవరాలు ఫోనులో ఏదో పంపింది. చెయ్యి తుడుచుకుని చూద్దును కదా, సంగీతం. దాని కింద తెలుగులో ఒక ముక్క రాసింది, సగం అక్షరాలకు దీర్ఘాలు లేవు. "అమ్మమ్మా, మన ఆ రోజుది దొరికింది, విను" అని. మూడేళ్ళ కిందట ఒక పెద్ద హాలులో అది మరో అరవై మంది పిల్లలతో కలిసి వాయించినది. ఎవరో అప్పుడు రికార్డు చేసి ఉంచారట. నేను వినలేదు. ఫోను బోర్లించి బియ్యం డబ్బా మూత మీద పెట్టి, కడిగిన చేపలే మళ్ళీ కడిగాను. నన్ను ఎరిగినవాళ్ళెవరూ నేను భయస్తురాలినంటే నమ్మరు. మా ఊరు తెలుక్ ఇంటాన్ బజారులో చేపలవాడు నన్ను చూస్తే తక్కెడ సరిచేసుకుంటాడు. అరవై రెండో ఏట తెలుగు బడిలో చిన్నపిల్లల బల్లలో ఇరుక్కుని కూర్చుని అక్షరాలు దిద్దుకున్నప్పుడు, పాఠం చెప్పే అమ్మాయిని "ఇన్ని అచ్చరాలు ఎవుడెట్టమన్నాడే" అని అడిగినదాన్ని నేను. నోరు పెద్దది కనక గుండె కూడా పెద్దదే అనుకుంటారు. కాదు. భయం ఉన్న కుక్కే గట్టిగా మొరుగుతుంది.

ఆ ఏడు మనవరాలికి పదిహేడు. అల్లుడికి సింగపూరులో పని, నెలకోసారి వచ్చేవాడు. కూతురు నర్సు, పగలూ రాత్రీ డ్యూటీలు మారుతుండేవి. అందుచేత ఇంట్లో ఎక్కువసేపు ఉండేది నేనూ, ఆ పిల్లా, దాని క్లారినెట్టూ. క్లారినెట్టంటే నల్లటి పొడుగు గొట్టం, వెండిరంగు మీటలు. మన సన్నాయికి దూరపు చుట్టం, కాకపోతే నాలుగు తరగతులు ఎక్కువ చదువుకున్నది. బడి బ్యాండులో మొదలుపెట్టి, ఇపో పట్నంలో శనివారాలు ఒక మాస్టారి దగ్గర నేర్చుకుని, ఆఖరికి ఆ పిల్లల ఆర్కెస్ట్రాలో చోటు సంపాదించింది. మొదట్లో సాధన మొదలెడితే పక్కింటి చైనా ఆంటీ గోడ మీదుగా తొంగిచూసి, మీ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదు అని మలాయిలో అడిగేది. తర్వాత్తర్వాత బాగా వాయించేది. బాగా అంటే, నేను కూరగాయలు తరుగుతూ చెయ్యి ఆపి వినేటంత.

ఆ నెలలో మాత్రం కొత్తది పట్టుకుంది. నాలుగు రోజులు విన్నాను. అయిదో రోజు కత్తిపీట పక్కకు జరిపి దాని గదికి వెళ్ళాను.

"ఏటే ఆ పాట? ఎవుడో ఎవుల్నో తరుముతున్నట్టుంది."

అది గొట్టం దించి నోరు తెరుచుకుని చూసింది. "అమ్మమ్మా! నీకెలా తెలుసు? అది చేజింగ్ పాటే లా!" ఇక్కడి పిల్లలకు మాట చివర 'లా' తగిలించకపోతే మాట పూర్తయినట్టుండదు.

ఆ సంగీతం కట్టినాయన డెన్మార్క్ దేశస్థుడట, పోయి చాలా కాలమైందట. డెన్మార్క్ అంటే నాకు తెలిసింది వెన్న బిస్కెట్ల నీలం డబ్బా ఒక్కటే. బిస్కెట్లు అయిపోయాక అందులో సూదీ దారం పెట్టుకుంటాను. మా వీధిలో అందరిళ్ళలోనూ అంతే. ఆ దేశపు మనిషి ఇంకా పాతదైన గ్రీకుల కథ ఒకటి తీసుకుని, మాటల్లేకుండా ఒట్టి వాయిద్యాలతో చెప్పాడట. మనవరాలు మంచం మీద కాళ్ళు ముడుచుకుని తనకొచ్చిన తెలుగులో ఆ కథ చెప్పింది. మేక కాళ్ళున్న దేవుడొకడు, అడవిలో ఒక పిల్లను చూశాడు. ఇష్టపడ్డాడు. ఆ పిల్లకు వాడంటే ఇష్టం లేదు.

"ఆ గర్ల్ పరిగెట్టి పరిగెట్టి నీళ్ళకాడికి వచ్చేసింది. ఇంక వెళ్ళడానికి చోటు లేదు. అప్పుడు రెల్లు అయిపోయింది."

"అయిపోడమేటే?"

"మారిపోయింది అమ్మమ్మా. ఆడొచ్చి పట్టుకుంటే చేతిలో గడ్డి ఉంది. ఏడ్చినాడు. ఏడ్చి, ఆ రెల్లు కోసి పిల్లనగ్రోవి చేసుకున్నాడు. రోజూ అదే ఊదుతాడు."

"సచ్చినాక కూడా ఒగ్గలేదన్నమాట" అన్నాను. అని నవ్వబోయాను. అప్పుడే అది మళ్ళీ వాయించడానికి చిన్న డబ్బా తెరిచి, అయిస్‌క్రీము పుల్ల లాంటి పల్చటి చెక్క ఒకటి తీసి, తడవడానికి నోట్లో పెట్టుకుంది. అలా పెట్టుకోవడం నేను రోజూ చూస్తున్నదే. ఆ రోజే ఎందుకో అడిగాను, అదేమిటని. రీడు అంది. దేంతో చేస్తారంటే, పుల్ల నోట్లోంచి తీయకుండానే, "రెల్లే, అమ్మమ్మా" అంది.

మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ నా చిన్నతనం సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదేదో ముసలిదాని చాదస్తం అనుకుంటారు. చాదస్తమే అనుకోండి, కాని దానికి వేరుంది.

నాకు ఏడేళ్ళప్పుడు మేము నది ఒడ్డున ఒక తోటలో కూలి లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, ఉండేవాళ్ళం. మా అప్ప, అంటే మా పెద్దక్క, నాకన్న ఎనిమిదేళ్ళు పెద్దది. నన్ను పెంచింది అదే. మా అమ్మ తెల్లారకుండా తోటలోకి పోయేది కనక, నాకు తల దువ్వినా, ముక్కు తుడిచినా, వీపు మీద రెండు వేసినా అప్పే. దానికి మా మేనమామతో పెళ్ళి నిశ్చయించారు. మావ మొదటి పెళ్ళాం పోయింది, ఇద్దరు పిల్లలు, ముప్పై అయిదేళ్ళ మనిషి. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎవరో ఒకరు వద్దనేవారు. అప్ప వద్దంది. మేనరికం కాదనుకునే పిల్ల ఉంటుందని మావాళ్ళెవరికీ తోచలేదు. సిగ్గనుకున్నారు. పెళ్ళికి ముందురోజు నలుగు పెట్టి, కాళ్ళకూ చేతులకూ మెడకూ పసుపు పూసి పీట మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు భోజనాలకు లేచిన సందులో అప్ప వెనకవైపు నుంచి పోయింది. లైన్ల వెనక కాలువ గట్టు, గట్టు దిగితే నది వరకు మనిషెత్తు రెల్లు. గట్టు మీద గాజు పెంకులు ఏరుకుంటున్న నన్ను చూసి, నోటి మీద వేలు పెట్టుకుని, ఆ రెల్లులోకి దూరింది. నేను అది దాగుడుమూతలనుకున్నాను.

కాసేపటికి మావ వచ్చాడు. గొంతుక్కూర్చుని, మెల్లగానే అడిగాడు. "గుంటా, అప్ప ఎటెల్లిందే?" నేను చెయ్యెత్తి చూపించాను. ఆటలో దొరికిపోయినవాళ్ళను చూపించినట్టు, నవ్వుతూ చూపించాను. మావ పేరు పెట్టి పిలుస్తూ రెల్లులోకి దిగాడు. ఆ పిలుపు దగ్గరైనకొద్దీ రెల్లు ముందు ముందుకు కదిలింది. తర్వాత కదలడం ఆగింది. చాలాసేపటికి మావ ఛాతీ దాకా తడిసి ఒక్కడే పైకొచ్చాడు. అప్ప మర్నాడు దిగువన దొరికింది.

మాలో పెళ్ళికాకుండా, అకాలంగా పోయిన ఆడదాన్ని పేరంటాలుగా పెట్టుకుంటారు. లేకపోతే ఇంటి ఆడపిల్లల్ని తోడు తీసుకుపోతుందని భయం. గట్టు మీద రాయి పాతి, పోయిన రోజున ఏటా పసుపు, కుంకుమ, గాజులు, కొత్త చీర పెట్టేవాళ్ళు. బతికున్నన్నాళ్ళూ మావ గాజులు తెచ్చేవాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఎటు వెళ్ళిందో తనకు ఎవరు చూపించారో ఒక్కరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మావ పోయాక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. తోట వాళ్ళు లైన్లు పడగొట్టి మమ్మల్ని టౌనుకు పంపేసినప్పుడు రాయి అక్కడే ఉండిపోయింది. నేను వంటింటి అలమరలో ఒక ఇత్తడి చెంబుకు పసుపు రాసి, అదే అప్ప అనుకుని, ఏటా అన్నీ పెడుతూ వచ్చాను. నా కూతురు పుట్టినప్పుడు భయపడ్డాను. మనవరాలు పుట్టినప్పుడు ఇంకా భయపడ్డాను. చూపించింది నేను కదా, నా దగ్గరికి రాకుండా ఎవరి దగ్గరికి వస్తుంది?

ఇప్పుడు చూస్తే, మగవాడు తరిమితే నీళ్ళ ఒడ్డున రెల్లయిపోయిన ఆడపిల్ల నా మనవరాలి నోట్లో ఉంది. అది ఊదుతున్న ఊపిరి ఎవరిది?

మంచి సమయం చూసుకున్నట్టు ఆ వారమే సుమత్రాలో అడవులు తగలబెట్టిన పొగ సముద్రం దాటి మా మీదికొచ్చింది. ఏటేటా వచ్చేదే. ఆకాశం బూడిదరంగు, గొంతులో మంట. పిల్లకు దగ్గు పట్టుకుంది. తర్వాత ఆయాసం. రెండు పేజీలు వాయిస్తే ఆగి, భుజాలెగరేస్తూ గాలి పీల్చుకునేది. కూతురు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, నోట్లో కొట్టుకునే మందు పంపు తెచ్చింది. పొగవల్లేనమ్మా అంది. నేను పొగవల్ల కాదన్నాను. మరి దేనివల్ల అంటే చెప్పలేదు, ఆ రెల్లుముక్క నోట్లో పెట్టుకోవద్దని మాత్రం చెప్పమన్నాను.

"సన్నాయికీ రెల్లేనే అమ్మా! మరి పెళ్ళిళ్ళకెల్తావు కదా, అక్కడ భయం లేదేటి?" అని నవ్వింది కూతురు.

దానికి నా దగ్గర జవాబుంది. యాభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో నేను వంటల దగ్గరే కూర్చుంటాను. ఆ సంగతి అదెప్పుడూ గమనించలేదు.

కచేరీ రోజు దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర తగ్గింది, మాట తగ్గింది. చేపలవాడు కూడా అరవంలో పాటీ, అంటే అవ్వా, అని పిలిచి, ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. స్నానాలగదిలో నీళ్ళు పడుతున్న చప్పుడులో కూడా ఆ తరిమే పాటే వినపడేది. ఆదివారం మధ్యాహ్నం కౌలాలంపూర్లో కచేరీ. శుక్రవారం కూతురు డ్యూటీకీ, పిల్ల బడికీ వెళ్ళాక, నేను తలంటుకుని, దాని పెట్టె తెరిచాను. డబ్బాలో ఎనిమిది పుల్లలు. గొట్టం మూతికి బిగించినది ఒకటి, అదీ విప్పాను. తొమ్మిదింటినీ ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళలో స్నానం చేయించి, ఒక్కొక్కదానికీ కుంకుమబొట్టు పెట్టాను. చెంబు ముందు పెట్టి, "అప్పా, ఈ గుంటనొగ్గీ. కావలిస్తే నన్ను తీసుకెల్లు. తప్పు నాది" అన్నాను. పైకే అన్నాను. తర్వాత చేటలో పరిచి పెరట్లో ఎండబెట్టాను. ఒడియాలు ఎండబెట్టినట్టే. పొగలో ఎండ ఎక్కడిదనుకోకండి, మధ్యాహ్నానికి బాగానే కాసింది. రెండింటికి చూస్తే తొమ్మిదీ పచ్చగా, అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. నాకు అదేం తప్పుగా కనపడలేదు. పసుపు బాగా పట్టిందనుకున్నాను.

పిల్ల వచ్చి పెట్టె తీసింది. డబ్బా తీసింది. ఇల్లంతా వెతికింది. పెరట్లో చేట చూసింది.

"అలమక్! అమ్మమ్మా, ఏటి సేసినావు? ఏటి సేసినావు నువ్వు?"

"శాంతి సేసినానే. నీ మంచికే."

"సండే కాన్సర్ట్! ఒక్కటి కూడా లేదు! నువ్వు నన్ను..." అంది. ఏడుపు, దగ్గు, ఆయాసం మూడూ ఒక్కసారి కమ్ముకున్నాయి. వంటింటి గడపలో కూలబడి, రెండు చేతులూ నేలకు ఆన్చి గాలి కోసం పెనుగులాడింది. పెదవులు నల్లబడ్డాయి. లోపలికి పోయే గాలి ఈల వేస్తున్నట్టుంది, సరిగ్గా దాని క్లారినెట్టులాగే. నా బతుకులో అంత భయం నేనెరగను. నది ఒడ్డున కూడా ఎరగను, అప్పుడు నాకు తెలియదు కదా. ఇప్పుడు తెలుసు. పంపు ఎక్కడుందో తెలియలేదు. బడి సంచీ బోర్లించాను, పుస్తకాలు, పెన్సిళ్ళు, తినని రొట్టె, అన్నిటి కిందా నీలం పంపు. చేతిలో పెట్టాను. ఒకసారి కొట్టుకుంది. రెండోసారి. నేను దాని వీపు పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఈల తగ్గింది. భుజాలు దిగాయి. పెదవులకు రంగొచ్చింది.

అప్పుడు చెప్పేశాను. అడక్కుండానే చెప్పేశాను. నలుగు, రెల్లు, మావ, నా చెయ్యి, అన్నీ. అప్ప నోటి మీద వేలు పెట్టుకున్నది కూడా చెప్పాను. నా పెనిమిటికి చెప్పనిది, కన్నకూతురికి చెప్పనిది, సగం తెలుగు మాత్రమే అర్థమయ్యే పిల్లకు వంటింటి నేల మీద కూర్చుని చెప్పాను. అర్థంకాని మాటలు మళ్ళీ అడిగి చెప్పించుకుంది. చివరికి చేటలో ఉన్న ఒక పుల్లను తీసుకుని, ఇటూ అటూ తిప్పి చూసి మెల్లగా అడిగింది.

"ఆ పెద్దమ్మమ్మ పెళ్ళి వద్దనే కదా పరిగెట్టింది?"

"ఆఁ."

"ఒంటికి పసుపు ఉంది అప్పుడు?"

"ఉంది. నలుగు పెట్టినాం కదేటే."

"మరి తరవాత మీరు ఏటి ఇచ్చినారు ఆమెకి? ఎవ్రీ ఇయర్?"

పసుపు అన్నాను. గాజులు. పెళ్ళిచీర. చెబుతూ చెబుతూ ఆగాను.

"గాజులు ఆ మావే తెచ్చినాడా?" అంది. నేను తలూపాను. అది కోప్పడలేదు, నవ్వలేదు. "ఆమెకి అదే వద్దు లా, అమ్మమ్మా" అంది.

పళ్ళెంలో మిగిలిన పసుపునీళ్ళు తీసుకెళ్ళి పెరట్లో పారబోశాను.

సాయంత్రం కూతురొచ్చి నన్ను తిట్టవలసినంతా తిట్టింది. నర్సుల తిట్లు మెత్తగా ఉంటాయి, చాలాసేపుంటాయి. పిల్ల ఇపో మాస్టారికి ఫోను చేస్తే ఆయన ఉపాయం చెప్పాడు. పుల్లలను తడిపి, గాజు పలక మీద పరిచి, పైన బరువు పెట్టమన్నాడు. పూజగదిలో పటం అద్దం విప్పి, పైన రుబ్బురోలు పొత్రం ఎత్తాం. ఆదివారం పొద్దుటికి తొమ్మిదింటిలో రెండు దారికొచ్చాయి. ఆ రెండింటిలో పలికింది ఒక్కటే. కౌలాలంపూర్ వెళ్ళాక అక్కడి పిల్లలు కొత్తవి ఇస్తామన్నారట, అవి తన నోటికి మరీ గట్టిగా ఉన్నాయని ఇది వద్దంది. వెళ్ళేటప్పుడు కారులో రుచెలా ఉందే అని అడిగితే, "కర్రీలా ఉంది" అని పచ్చటి నాలుక చూపించింది.

ఆ హాలులో చలి. స్వెట్టరు మీద తువ్వాలు కప్పుకుని కూతురి పక్కన కూర్చున్నాను. నల్లబట్టల పిల్లలు బారులు తీరి కూర్చున్నారు, మనదీ వాళ్ళలో ఒకటి. ముందు మెల్లగా, ఎండపొద్దున అడవిలాగా మొదలైంది. ఇంట్లో నేను విన్నది ఒక్క గొంతు. ఇక్కడ అరవై గొంతులు. తరమడం మొదలైనప్పుడు డోళ్ళూ పిడేళ్ళూ కలిసి నా కుర్చీ కిందికొచ్చాయి. లేచి పోదామని తువ్వాలు సర్దుకున్నాను. అంతలో అన్నీ ఆగి, క్లారినెట్టు ఒక్కటే పైకి వచ్చింది. నా పిల్ల. అది గాలి పీల్చుకోవడం ఆ దూరాన్నించి నాకు వినపడింది. ఊపిరి ఉందా, చాలుతుందా అని నా ఊపిరి ఆపేసుకున్నాను. ఎక్కడ, ఎక్కడ అని వెతుక్కుంటున్నట్టుంది ఆ పాట. ఎవరినో అడుగుతున్నట్టుంది. నా ఒళ్ళో నా కుడిచెయ్యి కదిలింది. నేను కదపలేదు, అదే లేవబోయింది. ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాను. పిల్ల ఊపిరి తెగలేదు, చివరిదాకా సాగింది. తర్వాత పిడేళ్ళు ఒకదానికొకటి పొసగని పల్చటి శబ్దాలు పట్టుకుని, గాలికి రెల్లు ఊగినట్టు ఊగి, ఒక్కొక్కటే మానేశాయి. పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

బయటికొచ్చాక మనవరాలు పరిగెత్తుకొచ్చింది. పెదవి చివర ఇంకా పసుపు.

"అమ్మమ్మా, భయపడినావా?"

"పడినాను."

"గుడ్. భయపడాల్సిన పాటే లా అది."

ఆ ఏడు అప్ప పోయిన రోజు వచ్చింది. బజారుకు వెళ్ళాను, గాజులు కొనలేదు. పసుపు కలపలేదు. చీర తియ్యలేదు. చెంబు మీది పాత పసుపు చింతపండుతో తోమి, కడిగి, మామూలు గిన్నెల మధ్య బోర్లించాను. ఏం పెట్టకపోతే ఏమవుతుందోనని రోజంతా భయపడుతూనే ఉన్నాను. తలుపు కొట్టుకుంటే ఉలిక్కిపడ్డాను, పిల్ల బడినుంచి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. వచ్చింది. ఆకలంది. అన్నం పెట్టాను. ఇంకేమీ జరగలేదు. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం రాయను. కాని అది ఇదివరకటి భయం కాదు. అప్ప వచ్చి ఎవరినైనా పట్టుకుంటుందేమోనని కాదు, మేమే దాన్ని ఇంకా తరుముతున్నామేమోనని. దాన్ని వెతుక్కుంటూ మావ ఆ రెల్లులోకి దిగింది ఒక్క మధ్యాహ్నమే. మేము మాత్రం పసుపు గిన్నె పట్టుకుని అరవై ఏళ్ళు దాని వెనకే నడిచాం.